పేరులేని సెగ: పాతబస్తీ వైద్య చరిత్రలో నడివయసు స్త్రీ

పాతబస్తీ చరిత్ర రాసినవాళ్ళు వైద్యం దగ్గరికి వచ్చేసరికి దారుల్‌షిఫాతో మొదలుపెట్టడం రివాజు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా మరి నాలుగేళ్ళకు, 1595లో, మూసీకి దగ్గరగా ఆ రెండంతస్తుల ఆసుపత్రిని కట్టించాడు. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ గదులు, రోగులతోపాటు వైద్యం నేర్చుకునే విద్యార్థులు. గర్వించదగ్గ సంగతే. అయితే అక్కడినుంచి మొదలయ్యే ఈ నాలుగు శతాబ్దాల చరిత్రను స్త్రీలవైపునుంచి చదవబోతే ఒక ప్రశ్న అడ్డు నిలుస్తుంది. ముట్లుడిగే వయసులో, ఉన్నట్టుండి గుండెలమీదనుంచి మొహందాకా నిప్పు పాకినట్టై, మరుక్షణం చెమటతో తడిసి, ఆపైన చలితో వణికే స్త్రీ ఇందులో ఎక్కడుంది? నవాబుల జబ్బుల గురించి చదివాను. ప్లేగు గురించి, కలరా గురించి చదివాను. ఈ సెగ ప్రస్తావన మాత్రం నాకెక్కడా తారసపడలేదు.

సాహిత్య విద్యార్థులం కనుక ముందు మాటల సంగతి చూద్దాం. ఉర్దూలో ఈ దశకు పేరు 'సిన్-ఎ-యాస్'. యాస్ అంటే నిరాశ. నిరాశ వయసు! ముట్టుమీద ఆశ వదులుకున్న స్త్రీలు అనే ప్రయోగం ఖురాన్‌లోనే ఉంది. అరబ్బీ వైద్యం దాన్ని తీసుకుంది, హకీములతోపాటు ఆ మాట హైదరాబాదు చేరింది. తెలుగులో ముట్లుడగడం అంటాం. వాన ఉడిగింది, శక్తులుడిగాయి అన్నప్పుడు వచ్చే ఉడగడమే ఇదీ. పుస్తకాల భాషలో రుతువిరతి. ఫ్రాన్సులో గార్దాన్ అనే వైద్యుడు 1821లో 'మెనోపాజ్' అన్నాడు, అదీ ఆగిపోవడమే. పన్నెండో ఏట మొదలై యాభయ్యో ఏట ఆగుతుందని సుశ్రుతుడు ఎప్పుడో లెక్క చెప్పాడు. ఈ పేర్లన్నీ ఆగినదాన్ని చెప్పేవే. కొత్తగా మొదలైనదాన్ని చెప్పే పేరు ఒక్కటీ లేదు. ఇంగ్లీషు డాక్టర్లు హాట్ ఫ్లష్ అన్నదాన్ని మన ఆడవాళ్ళు ఆవిర్లన్నారు, సెగలన్నారు. ఎక్కువమంది 'వేడి చేసింది' అని ఊరుకున్నారు. నోట్లో పొక్కినా వేడే, మూత్రం మండినా వేడే, కళ్ళు ఎర్రబడినా వేడే. ఇన్ని వేడుల్లో ఈ ఒక్క వేడి కలిసిపోయి గుర్తు చెరిగిపోయింది. ఇంటాయన మాత్రం బీపీ పెరిగిందనుకుంటాడు, లేదా కోడలిమీద కోపమనుకుంటాడు.

యునానీ శాస్త్రం ఈ విషయంలో చిక్కులో పడే ఉంటుందని నా అనుమానం. గ్రీకులనుంచి ఇబ్న్ సీనాదాకా వచ్చిన సిద్ధాంతం ప్రకారం స్త్రీ మిజాజు పురుషుడి మిజాజుకంటె చల్లనిది, తేమగలది. వయసు మళ్ళేకొద్దీ ఏ శరీరమైనా మరింత చల్లబడాలి. అలా చల్లబడవలసిన శరీరంనుంచి సెగ ఎక్కడినుంచి వచ్చింది? బయటికి పోవలసిన రక్తం లోపల నిలిచిపోవడం అనే కోణంనుంచి చూస్తే ఒక జవాబు దొరుకుతుంది. ముట్టు నిలిచిపోవడాన్ని 'ఇహ్తిబాస్-ఎ-తమ్స్' అని పేరు పెట్టి, రక్తం తీయడం, కొమ్ము పెట్టడం వంటి చికిత్సలు చెప్పారు. అయితే ఆ చికిత్సల చూపంతా ఆగిన ముట్టును తిరిగి రప్పించడం మీద, అంటే స్త్రీని మళ్ళీ కనగలిగేలా చెయ్యడం మీద ఉందని మరువరాదు.

హకీము పరదా దాటి రాలేడు గనుక అసలు వైద్యం దవాసాజు దుకాణంలో, వంటింట్లో జరిగింది. నీళ్ళలో ఉబ్బే సబ్జా గింజలు, గోంద్ కతీరా, గులాబీ అర్కు, సుగంధిపాల షర్బత్తు, పల్చని మజ్జిగ, కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక. వీటిని మూఢత్వమని కొట్టిపారేసే తొందర కొందరు అభ్యుదయవాదుల్లో ఉంది. నేను దానితో ఏకీభవించను. సబ్జా గింజలు అండాశయాన్ని బతికించవు, నిజమే. కానీ ఆవిరి లేచిన క్షణాన చల్లని నీళ్ళు తాగడం, తడిగుడ్డ మెడమీద వేసుకోవడం, గాలి తగిలేలా కూర్చోవడం నేటి డాక్టర్లు కూడా చెప్పే జాగ్రత్తలే.

కారణం ఇది. ఈస్ట్రోజన్ తగ్గేసరికి మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో శరీరపు వేడిని కాపాడే ఏర్పాటు అతిసున్నితమవుతుంది. మామూలుగా పట్టించుకోని స్వల్పమైన వేడికే ఒళ్ళు కాలిపోతున్నట్టు అది బెదిరి, చర్మం కింది రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. ఒక్కో ఆవిరి చాలావరకు కొద్ది నిమిషాలే ఉంటుంది. కానీ అమెరికాలో స్త్రీలను ఏళ్ళ తరబడి పరిశీలించిన 'స్వాన్' అధ్యయనం 2015లో తేల్చిన ప్రకారం ఆ నిమిషాలు మళ్ళీమళ్ళీ వచ్చే కాలం, మధ్యస్థంగా, 7.4 సంవత్సరాలు. వేడివేడి చాయ్, కారం, ఉక్కపోసే గది, నిద్రలేమి దీన్ని రేపుతాయని చాలామంది స్త్రీల అనుభవం. ఇరానీ చాయ్ నగరంలో ఈ మాట ఎవరు వింటారన్నది వేరే సంగతి.

ఇక సర్కారీ వైద్యం. హైదరాబాదు మెడికల్ స్కూల్ స్త్రీలకు తలుపు తెరిచింది 1880లలోనే. అక్కడ హకీమ్ పట్టా పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరుపొందింది. 1906లో వేల్సు యువరాణి చేత విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేయించారు. పరదా స్త్రీకి ఆసుపత్రి గుమ్మం దొరకడం పెద్ద ముందడుగే, కాదనను. అయితే ఆ గుమ్మంలోంచి ఆమె లోపలికి వెళ్ళింది బిడ్డను కనడానికే. జనానా అంటే కాన్పు. పేట్లబురుజులో నేటికీ ఉన్నది ప్రసూతి ఆసుపత్రే. కనే వయసు దాటిన స్త్రీకి ఒక గది, ఒక బల్ల, ఒక వారం రోజు కేటాయించాలన్న ఆలోచన ఆ వ్యవస్థకు తట్టలేదు. భూస్వామ్యం స్త్రీని వారసుణ్ణిచ్చే గర్భంగా చూసింది. వలసపాలన ఆ గర్భానికి ఇంగ్లీషు మందు తెచ్చింది. చూపు మారలేదు.

మరి రచయితలు ఏం చేశారు? మన ఉద్యమం పుట్టుకలోనే ఒక స్త్రీవైద్య నిపుణురాలు ఉన్నదన్న సంగతి కొత్తతరం విద్యార్థులకు గుర్తుచెయ్యాలి. రషీద్ జహాఁ డాక్టరు. 1932లో వచ్చిన 'అంగారే'లో ఆమె రాసిన 'పర్దే కే పీఛే' నాటిక అంతా ఒక పరదా స్త్రీ మరో స్త్రీతో చెప్పుకునే తన శరీరపు గోడు. సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం మరుసటి ఏడాదే ఆ సంపుటిని నిషేధించింది. అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం 1936లో ఏర్పడితే, తెనాలిలో మన అరసం 1943లో ఏర్పడింది. 1945లో హైదరాబాదులోనే జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో అశ్లీలతను ఖండిస్తూ ఒక తీర్మానం పెట్టబోతే మౌలానా హస్రత్ మోహానీ లేచి వ్యతిరేకించాడు, తీర్మానం నిలవలేదు. శరీరం గురించి రాయడానికి దారి మూతపడలేదన్నమాట. అయినా ఆ దారిలో నడివయసు స్త్రీ రాలేదు. దేవిడీల మీద మనకు కథలున్నాయి, నవలలున్నాయి. వాటిలో పదహారేళ్ళ పిల్ల ఉంది, పాన్‌దాన్ ముందు కూర్చున్న దాదీమా ఉంది. నడుమ ముప్పయ్యేళ్ళు ఏమైనట్టు? యువతినుంచి వృద్ధురాలికి మన రచయితలు ఒకే అంగలో దూకేశారు. తెలుగు కథకులు కూడా ఈ విషయంలో భిన్నం కాదు.

పేరులేని బాధకు పేరు పెట్టే పని చివరికి మందుల కంపెనీల చేతికి పోయింది. చూలు గుర్రాల మూత్రంనుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర 'ప్రెమరిన్' అమెరికా బజారులోకి 1942లో వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినిన్ ఫరెవర్' అనే పుస్తకం రాసి, మెనోపాజ్ ఒక లోపరోగమనీ, మాత్ర మింగితే స్త్రీ ఎప్పటికీ స్త్రీగానే ఉంటుందనీ ప్రచారం చేశాడు. ఆయనకు మందుల కంపెనీ సొమ్ము ముట్టిందన్న సంగతి తరవాత బయటపడింది. 1975లో ఈ మాత్రకూ గర్భాశయపు లోపలి పొర కాన్సరుకూ ఉన్న సంబంధం వెల్లడైంది. 2002లో ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిన్ ఇచ్చిన పెద్ద ప్రయోగాన్ని రొమ్ము కాన్సరు ముప్పు కనబడి మధ్యలో ఆపేశారు. దరిమిలా ఆ లెక్కలనే వయసులవారీగా చూసి, అరవై లోపు, ముట్లుడిగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువని సవరించుకున్నారు. ఆవిర్లను తగ్గించడంలో హార్మోనును మించిన మందు లేదన్నది నిజం. అది పడనివాళ్ళకు 2023లో ఫెజోలినెటాంట్ అనే హార్మోనుకాని మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. హైదరాబాదు స్త్రీలకు హార్మోన్ల రాజకీయం కొత్తకాదు: 1985లో పటాన్‌చెరులో పేద స్త్రీలకు నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగించబోతే స్త్రీశక్తి సంఘటన ఎదిరించి, మరుసటి ఏడు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కృషినుంచే 1991లో 'సవాలక్ష సందేహాలు' అనే స్త్రీల ఆరోగ్య పుస్తకం తెలుగులో వచ్చింది.

పుస్తకం వచ్చినా కత్తి ఆగలేదు. నలభై దాటాక రక్తస్రావమని పోతే, చిరాకని పోతే, ఆవిర్లని పోతే, 'పిల్లలు పుట్టేశారుగా, సంచి ఎందుకు?' అన్న మాట నేనూ ఒక ఆసుపత్రిలో విన్నాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను, నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.2, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఏళ్ళమీద కాక ఒక్కరోజులో జరుగుతుంది. ఆవిర్లు అంతకంత ఉధృతంగా వస్తాయి. అంటే వేడి చేసిందని పోయిన స్త్రీకి మరింత వేడి అంటగట్టి పంపడం! ఈ అనవసరపు కోతలను అరికట్టే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఆవిర్లను 'ఎదుర్కోవడం' గురించి చెప్పే సలహాలకు కూడా ఒక వర్గ స్వభావం ఉంది. పల్చని నూలుబట్టలు, గాలి వచ్చే గది, వేళకు నిద్ర, చల్లని మంచినీళ్ళు. దేవిడీలో బేగంసాహెబాకు పంకా లాగే మనిషి ఉండేవాడు. లాడ్‌బజారుకు గాజులందించే ఇళ్ళలో స్త్రీ ఒక్క గదిలో, బొగ్గుల కుంపటి పక్కన కూర్చుని, లక్క గట్టిపడకముందే రాయి తరవాత రాయి అతకాలి. ఆమెకు కూలి చేసిన పనిని బట్టే. లేచి మొహం కడుక్కుని వచ్చిన పది నిమిషాలు ఆమె ఖాతాలోంచే పోతాయి. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ స్త్రీలు ఆ సెగను దక్కనీలో ఏమంటారో, పక్క వాడలో తెలుగు మాట్లాడే బీడీకార్మికురాలు ఏమంటుందో ఎవరూ పోగుచెయ్యలేదని నా ఎరుక. నిఘంటువుల్లో వెతికితే దొరికేది కాదు. పరిశోధనకు అంశం దొరకడంలేదని వాపోయే ఎం.ఏ. విద్యార్థినులు ఒక వేసవి రెండు నెలలు శాలిబండనుంచి యాకుత్‌పురాదాకా ఇళ్ళలో కూర్చుని వింటే సరిపోతుంది. మగవాళ్ళు ఇంట్లో లేని మధ్యాహ్నం వేళ వెళ్ళడం మంచిది.