సభ ముగిశాక పంచిన పుస్తకం

“సభలకు పోయి సాధించేదేముంది? అక్కడ చదివే పత్రాలు రేపు అచ్చులో రానే వస్తాయి. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.” చాలాకాలం నేనూ ఇదే మాట అన్నాను. రసాయనశాస్త్ర చరిత్రలోని ఒక ఘట్టం నా అభిప్రాయాన్ని మార్చింది. అది మన రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ పనికివస్తుందని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

1860 సెప్టెంబరు 3 నుంచి 5 వరకు, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన బాడెన్ రాజధాని కార్ల్‌స్రూహేలో సుమారు 140 మంది రసాయనశాస్త్రజ్ఞులు సమావేశమయ్యారు. దీనికి చొరవ చూపినవాడు కెకూలే. ఆనాటికి ఆ శాస్త్రంలో అరాచకం రాజ్యమేలుతున్నది. ఆక్సిజన్ భారం కొందరికి 8, మరికొందరికి 16. కార్బన్ భారం ఒకరికి 6, ఇంకొకరికి 12. ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను కెకూలే తన పాఠ్యగ్రంథంలో చూపించాడు. ‘వాస్తవికత’ అనే మాటను మన విమర్శకులు తలా ఒక అర్థంలో వాడి వాదులాడుకోవడం గుర్తుకు రాకమానదు.

చిక్కుముడి విప్పే ఆధారాన్ని అవొగాడ్రో 1811లోనే ఇచ్చాడు. ఎవరూ సరిగా పట్టించుకోకుండానే 1856లో కన్నుమూశాడు. 1848 సిసిలీ తిరుగుబాటులో పాల్గొని ప్రవాసం పోయిన కన్నిజారో ఆ ఆధారంతోనే విద్యార్థులకు పాఠం చెప్పి, ఆ పాఠక్రమాన్ని 1858లో ప్రచురించాడు. అంటే సభ నాటికి రెండేళ్లుగా అది అచ్చులోనే ఉంది! అయినా ఐరోపా శాస్త్రలోకం కదలలేదు. “అచ్చులో వస్తుంది కదా” అనే నా వాదం ఇక్కడే కూలిపోయింది.

చివరిరోజు కన్నిజారో సుదీర్ఘంగా ప్రసంగించాడు. సభ మాత్రం ఏమీ తేల్చలేదు. శాస్త్ర విషయాలు ఓట్లతో తేలేవి కావని భావించారు. తీర్మానాల లెక్కన చూస్తే సభ విఫలమే. అయితే సభ ముగిశాక కన్నిజారో మిత్రుడు పవేసీ ఆ చిన్న పుస్తకం ప్రతులు పంచాడు. లోథర్ మేయర్ ఒకటి జేబులో వేసుకుని, తిరుగు ప్రయాణంలో చదివాడు. అతని సందేహాలు తొలగిపోయాయి. 1864లో వెలువడిన అతని గ్రంథం ఆ పునాది మీద నిలిచినదే. శ్రోతల్లో 26 ఏళ్ల మెండలీవ్ కూడా ఉన్నాడు. 1869లో అతడు ఆవర్తన పట్టికను ప్రకటించాడు.

సభే ఈ పట్టికను సృష్టించిందని నేననను. మధ్యలో తొమ్మిదేళ్ల శ్రమ ఉంది. సంక్షోభం పండి ఉండబట్టే విన్నవారికి ఆ మాట తలకెక్కింది. కానీ అచ్చులో నిద్రపోతున్న భావానికి మనుషుల మధ్య ప్రాణం వచ్చింది. తనతో విభేదించేవారి ఎదుట నిలబడి వాదించినప్పుడే దాని బలం బయటపడింది.

కనుక సభ విలువను వేదిక మీది దండలతోనూ తీర్మానాల సంఖ్యతోనూ కొలవవద్దు. నిర్వాహకులు చర్చకు వ్యవధి ఉంచాలి. దారిఖర్చులు లేక ఆగిపోయే యువ రచయితను పిలిపించుకోవాలి. వెళ్లేవారు తమ ప్రసంగం కాగానే బస్సెక్కడం మానాలి. ఎవరి చేతిలోని చిన్న పుస్తకం ఎవరి జేబులోకి చేరుతుందో, అది ఎన్నేళ్లకు ఫలిస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?