కుక్కకి ఎర, క్లాసులో ఆవులింత

కృత్రిమ మేధ మీద వస్తున్న చట్టాల ముసాయిదాలు పిల్లల చేత ఎలా చదివిస్తారని ఆ మధ్య ఒకాయన అడిగారు. కుక్కతో మొదలుపెడతానన్నాను. వేళాకోళం అనుకున్నారు.

పాత భారత శిక్షాస్మృతిలో 378వ సెక్షన్ దొంగతనం. దాని కింద ఒక ఉదాహరణ ఉంది. ‘ఏ’ అనేవాడు ‘జడ్’ కుక్కని కాజేద్దామని జేబులో ఎర వేసుకుంటాడు. కుక్క వాడి వెంటపడుతుంది. మరి దొంగతనం ఎప్పుడు జరిగినట్టు? కుక్క వెనకాల నడవడం మొదలెట్టగానే. తాడు కట్టలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. నిర్వచనం పదిసార్లు చదివినా బుర్రకెక్కనిది, కుక్క రెండడుగులు వేసేసరికి ఎక్కుతుంది.

ఈ ఏ, జడ్‌లు మెకాలే చట్టంలోకి తెచ్చిన మనుషులు. మన చదువుల గురించి 1835లో ఆయన రాసినదానికి అందరూ తిడతారు, నేనూ తిడతాను. కానీ ముసాయిదా రాయడంలో చెయ్యి తిరిగినవాడు. మొదటి లా కమిషన్‌కి పెద్దగా ఉండి 1837లో శిక్షాస్మృతి ముసాయిదా అప్పగించాడు. అది చట్టమయ్యేసరికి 1860. ఆయన అంతకుముందు డిసెంబరులోనే పోయాడు. 1872లో వచ్చిన కాంట్రాక్టు, సాక్ష్య చట్టాలు కూడా ఆ ఉదాహరణల పద్ధతినే పట్టుకున్నాయి. తర్వాత్తర్వాత అలవాటు పలచబడింది. 2023లో మన డేటా రక్షణ చట్టం చదువుతుంటే ‘ఎక్స్’ అనే ఆవిడ ఫోన్లో వైద్యం యాప్ ఒకటి వేసుకోవడం, అది ఆవిడ ఫోన్లోని నంబర్ల జాబితా కూడా అడగడం కనిపించింది. పాత చుట్టం బస్టాండులో ఎదురైనట్టయింది నాకు.

యూరప్ వాళ్ల కృత్రిమ మేధ చట్టంలో ఇలాంటి ఏ, జడ్‌లు లేరు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ప్రతిపాదనలో 85 ఆర్టికల్స్. 2024లో చట్టమయ్యేటప్పటికి 113. వాటికి ముందు 180 ఉపోద్ఘాత పేరాలు. మొదటిసారి ఆ ప్రతిపాదనని ప్రింటు తీసి పిల్లలకిచ్చి, మొత్తం చదివి సారాంశం రాసుకురమ్మన్నాను. అందరూ ఒకటే సారాంశం తెచ్చారు. తప్పు నాదే. మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. తలా ఒక ఆర్టికల్, దాని కింద మూడు ఉదాహరణలు: చట్టానికి దొరికేది, దొరకనిది, గట్టు మీద ఉండేది.

ఒకమ్మాయి నిర్వచనం తీసుకుని, ‘ఏ’ అనే గుమాస్తా ఎక్సెల్‌లో మార్కుల సగటు తీస్తున్నాడని రాసింది. 2021 ప్రతిపాదన జాబితాలో గణాంక పద్ధతులూ ఉన్నాయి కాబట్టి గుమాస్తా చిక్కాడని సగం క్లాసు. ఆఖరి చట్టంలో, మనుషులు పెట్టిన నియమాలనే యథాతథంగా నడిపేవి ఇందులోకి రావని 12వ ఉపోద్ఘాత పేరా చెబుతుంది. గుమాస్తా బయటపడ్డాడు. మూడేళ్లలో ఏం మారిందో చూపించడానికి ఆ ఒక్క గుమాస్తా చాలు.

అసలు గొడవ 5వ ఆర్టికల్ దగ్గర. ఆఫీసుల్లోనూ విద్యాసంస్థల్లోనూ మనుషుల ఉద్వేగాలని యంత్రాలతో పసిగట్టడం నిషేధం, వైద్యానికీ భద్రతకీ తప్ప. ఒక కుర్రాడి ఉదాహరణ: ‘ఏ’ అనే కాలేజీ కెమెరా పెట్టింది, ‘జడ్’ ఆవులించాడు, కెమెరా రాసుకుంది. తప్పేనా? తప్పే అన్నారందరూ. 18వ పేరా తియ్యమన్నాను. సంతోషం, కోపం, సిగ్గు ఉద్వేగాలు. నొప్పి, అలసట కావు. డ్రైవరు అలసిపోయాడని కనిపెట్టే యంత్రం ఈ నిషేధంలోకి రాదు.

‘అయితే జడ్ ఆవులించింది నిద్రొచ్చా, విసుగొచ్చా?’ అన్నాడొకడు.

విసుగు ఆ పేరాలో లేదు. కానీ అక్కడ ఉన్నవి మచ్చుకి చెప్పినవే, పూర్తి జాబితా కాదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మర్నాడు ఆ ఎక్సెల్ అమ్మాయి నాలుగో ఉదాహరణ రాసుకొచ్చింది. ‘ఏ’ పాఠం చెబుతోంది, ‘జడ్’ ఆవులించాడు, కెమెరా లెక్కపెట్టి ‘ఏ’కి ఇంక్రిమెంటు ఆపించింది.

‘ఇక్కడ కెమెరా ఎవరిని చూసినట్టు మేడమ్?’ అంది.