వీధి వైద్యం

ఫుట్‌పాత్‌లపైన, వంతెనల కింద, రైల్వే స్టేషన్ల చుట్టుపక్కల బతికే నిరాశ్రయుల దగ్గరికే డాక్టర్లు, నర్సులు వెళ్లి చికిత్స చేసే పద్ధతి వీధి వైద్యం. ముందు మనిషి నమ్మకం సంపాదించాలి, మందుల సంగతి ఆ తర్వాతే అన్నది దీని మూలసూత్రం.

తొలి ప్రయత్నాలు

బ్రిటిష్ డాక్టర్ జాక్ ప్రెగర్ 1979 తర్వాత కలకత్తాలోని మిడిల్టన్ రోలో ఫుట్‌పాత్ మీదే ఏళ్ల తరబడి పేదలకు వైద్యం చేశారు. కలకత్తా రెస్క్యూ అనే సంస్థ అలా పుట్టింది. అదే కాలంలో అమెరికా నగరాల్లో చవక అద్దె గదులు కనుమరుగయ్యాయి. మానసిక వైద్యశాలలు మూతపడ్డాయి, అక్కడి రోగులకు బయట సరైన ఆసరా దొరకలేదు. వీధిన పడ్డవారి సంఖ్య పెరిగింది. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్, ప్యూ చారిటబుల్ ట్రస్ట్స్ కలిసి 19 నగరాల్లో నిరాశ్రయుల వైద్యానికి నిధులిచ్చాయి. వాటిలో బోస్టన్ ఒకటి.

బోస్టన్‌లో కాళ్లు కడిగిన డాక్టర్

హార్వర్డ్‌లో చదివిన జిమ్ ఓకానెల్ 1985లో బోస్టన్ కార్యక్రమంలో ఒక్క ఏడాది పనిచేద్దామని చేరారు. పైన్ స్ట్రీట్ ఇన్ అనే షెల్టర్‌లో నర్సులు అప్పటికే క్లినిక్ నడుపుతున్నారు. అక్కడి నర్సు బార్బరా మెకిన్నిస్ ఆయనను స్టెతస్కోపు పక్కన పెట్టమని, వచ్చినవారి పాదాలు కడగమని చెప్పారు. పగలంతా నడిచి, తడి బూట్లు విప్పే చోటు లేక, కూర్చునే నిద్రపోయేవారికి కాళ్లు వాచి పుండ్లు పడతాయి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పాదాలుంచి రోగి కుర్చీలో కూర్చుంటాడు, డాక్టరు కింద కూర్చుంటాడు. పెద్దరికం రోగి వైపు మారుతుంది. ఎన్నాళ్లుగానో ఆసుపత్రిలో చికిత్స వద్దన్నవారు సైతం అలా వారాలు గడిచాక తమంతట తామే బాధ చెప్పుకున్నారు. ఓకానెల్ ఆ పనిలోనే దశాబ్దాలు ఉండిపోయారు. రాత్రిళ్లు షెల్టర్ వ్యానులో సూపు, దుప్పట్లతో తిరిగారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినా కోలుకోవడానికి ఇల్లు లేనివారి కోసం 1993లో ప్రారంభించిన కేంద్రానికి మెకిన్నిస్ పేరే పెట్టారు.

పిట్స్‌బర్గ్ నుంచి ప్రపంచానికి

పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ జిమ్ విదర్స్ 1992లో పాత బట్టలు వేసుకుని, ఒకప్పుడు తానూ వీధిలో బతికిన ఒక వ్యక్తిని వెంటబెట్టుకుని రాత్రిపూట వంతెనల కిందికి వెళ్లేవారు. అక్కడివారికి డాక్టరు కొత్త, వెంట వచ్చిన మనిషి తెలిసినవాడు. ఆ పరిచయమే దారి తెరిచింది. ఆపరేషన్ సేఫ్టీ నెట్ అనే సంస్థ అలా మొదలైంది. 2005లో వీధి వైద్యంపై తొలి అంతర్జాతీయ సదస్సు పిట్స్‌బర్గ్‌లోనే జరిగింది. అమెరికాలో వైద్య బిల్లులకు వాడే చికిత్స స్థలాల జాబితాలో 2023 అక్టోబరు నుంచి వీధికి 27వ నంబరు కోడ్ ఉంది.

పనితీరు

ఒకే బృందం, ఒకే చోటికి, చెప్పిన వేళకు మళ్లీ మళ్లీ వెళ్తుంది. అట్టముక్క పరుచుకున్న చోటును ఆ మనిషి ఇల్లుగానే భావించి, దగ్గరికి రావచ్చా అని అడుగుతుంది. ముందు పేరు తెలుసుకుంటుంది. కాఫీయో, పొడి సాక్సులో ఇస్తుంది. వద్దంటే వెళ్లిపోయి మరోరోజు వస్తుంది. నెరవేర్చలేని మాట ఇవ్వదు. ఒక్క మాట తప్పినా నెలల శ్రమ వృథా.

భారతదేశంలో

5 లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు నిరాశ్రయుల కోసం ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లోనూ షెల్టర్లకు చోటు దక్కింది. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లోనూ ఇవి నడుస్తున్నాయి. అయితే పోలీసులో, మున్సిపల్ సిబ్బందో తరిమిన అనుభవమున్న మనిషి పిలవగానే షెల్టర్‌కు రాడు. గోడలకు, మంచాలకు ఖర్చు పెట్టినట్టే, రోజూ వెళ్లి పలకరించే మనుషుల జీతాలకూ ఖర్చు పెట్టాలని ఈ నలభై ఏళ్ల చరిత్ర చెబుతోంది.