భీమిలి రేవు – గోగునార

గోస్తనీనది సముద్రమున గలియుచోట వెలసిన మా భీమునిపట్టణమునకు చరిత్రకారులు చెప్పు ఘనతలు పెక్కులు గలవు. డచ్చివారు పదునేడవ శతాబ్దమున ఇచట వర్తకస్థానము నేర్పరచుకొనుటయు, 1825లో దానిని ఆంగ్లేయుల కప్పగించుటయు, 1861లో పురపాలకసంఘ మేర్పడుటయు మా వారందరు ఎరిగినవే. అయినను విదేశీయ విపణులలో మా యూరిపేరు నిలుచుటకు కారణమైనది పరిసరగ్రామముల మెట్టపొలములలో పెరిగిన గోగుమొక్క. లేత ఆకు పచ్చడియై ఇంటింట విస్తళ్ళకు జేరగా, ముదిరిన కాండమునుండి తీసిన నార 'బిమ్లీ జూట్' అను వ్యవహారనామముతో ఓడల కెక్కినది.

తొలకరి వానలకు విత్తిన గోగు మనిషెత్తు మించి ఎదిగి, పూతపట్టు తరుణమున కోతకు వచ్చును. అంతకుముందు కోసినచో నార బలహీనము; కాయ ముదిరినపిదప కోసినచో బిరుసు. కోసిన కాండములను కట్టలుగట్టి, ఆకు రాలువరకు చేనిలో నుంచి, చెరువునకు చేర్తురు. కాండము మొదట దళసరి, కొనయందు పలుచన గనుక, అనుభవజ్ఞులు కట్టలను కొన్నాళ్ళు మొదళ్ళు మాత్రమే మునుగునట్లు నిలిపి, అనంతరము పడుకోబెట్టి, తేలిపోకుండ రాళ్ళబరువు పెట్టుదురు. నారను పుల్లకు అంటియుంచు జిగురును నీటిలోని సూక్ష్మజీవులు రెండుమూడు వారములలో కరిగించును. త్వరపడినచో బెరడు నారను విడువదు. ఆలసించినచో నారయే మెత్తబడి తెగిపోవును. అందుచేత రైతు నీటిలో దిగి, ఒక కాండమును పైకిదీసి, బొటనవ్రేలితో బెరడును జార్చిచూచి పదును నిర్ణయించును. అటుపిమ్మట మొలలోతు నీటిలో నిలిచి, ఊరిన కట్టల దుర్గంధమును సహించి, నార నొలిచి, జాడించి, దండెములపై ఆరవేయుదురు. తేటనీట కడిగిన నార కాంతివంతమై యుండును. బురదనీట కడిగినది నల్లబారి వెల కోల్పోవును.

బెల్జియములోని లీస్ నదిలో లినెన్ వస్త్రమునకై అవిసెకట్టలను నానబెట్టిన విధానమునకును దీనికిని మూలసూత్ర మొక్కటియే. అవిసెనార సన్ననిదగుటచే నాణ్యమైన దుస్తులకును, గోగునార ముతకదగుటచే గోనెసంచులకును, పురికొసలకును వినియోగపడినవి. మన ప్రాంతమున అవిసెను గింజకొరకే సాగుచేసిరి గాని, నారకు గోగునే నమ్ముకొనిరి.

మా తీరమున లోతు చాలనందున ఓడలు దూరముగా లంగరు దించగా, పడవలవారు సరకును అలలపై దాటించెడివారు. సమీపమున చిట్టివలసలో గోనెమిల్లు వెలసి, అనేక కుటుంబములకు జీవనాధార మయ్యెను. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము ప్రారంభమగుటతో మా రేవు వర్తకము అటు తరలెను; తరువాత ప్లాస్టిక్ సంచులు వచ్చి గోనెసంచికి గిరాకి తగ్గించినవి; మిల్లును మూతబడెను.

ఓడల రాకపోకలకు దస్త్రములు సాక్ష్యమిచ్చును గాని, ఊరిన గోగు పదునెరిగిన రైతుల నేర్పునకును, చెరువునీట రోజంతయు నిలిచి నార నొలిచిన కూలీల శ్రమకును అట్టి లిఖిత సాక్ష్యము లేదు. ఆ విద్య నెరిగిన వృద్ధు లింకను మా పల్లెలలో నున్నారు. వారి మాటలను నేడే వ్రాసికొనుట, పురచరిత్రపై అభిమానముగల ప్రతివారికిని ప్రథమకర్తవ్యమని నా దృఢవిశ్వాసము.