పైనుంచి ఒకటి, కింద రెండు

జనవరి ఉదయం. నూజివీడు దగ్గర ఒక పాత మామిడి తోటలో ఉన్నారు మీరు. మంచు ఇంకా విడలేదు. తేనెమంచు పురుగు వదిలిన జిగురు ఆకుల మీద మెరుస్తోంది, తాకితే వేళ్లకు అంటుకుంటోంది. చెట్లు లెక్కపెట్టి కొలవడానికి డ్రోన్ తెచ్చిన కుర్రాడికి మాత్రం తొందర లేదు.

"మంచు పోవాలి బాబాయ్, గాలి లేవకూడదు" అంటాడు తోట పెద్దాయనతో. ఆ రెంటికీ మధ్య దొరికే గంటే వాడి ముహూర్తం. గాలికి కొమ్మ ఊగిందంటే ఈ ఫొటోలో ఉన్న చోట పక్క ఫొటోలో ఉండదు.

గట్టు మీంచి డ్రోన్ లేచింది. తేనెపట్టు కదిపినంత రొద. ఒక కాకి వెంటపడి, విసుగొచ్చి వెనక్కి తిరిగింది. 60 మీటర్ల ఎత్తున అది దుక్కి చాళ్లలా పోతూ వస్తూ ఫొటోలు తీస్తోంది. ప్రతి ఫొటోలో నూటికి 80 వంతులు ముందు ఫొటోలో ఉన్నదే. దండగ కాదు. ఒకే కొమ్మను పది చోట్ల నుంచి చూస్తేనే దాని ఎత్తు తేలుతుంది. అందులోంచి నేల మట్టం తీసేస్తే మిగిలేది చెట్టు ఎత్తు. నేల కనబడనంత గుబురైతే కెమెరా చేతులెత్తేస్తుంది. ఆకుల సందుల్లోంచి దూరే లేజర్ కావాలి, దాని ఖరీదు వేరు.

పక్క చేను పామాయిల్. కుర్రాడి చేతిలోని తెర మీద పచ్చటి నక్షత్రాలు పరిచినట్టుంది. తొమ్మిదేసి మీటర్ల ఎడంతో ముక్కోణపు నాటు, ఎకరానికి 57 మొక్కలు. లెక్కపెట్టడానికి యంత్రం కూడా అక్కర్లేదేమో!

మామిడి దగ్గరే తంటా. మధ్యాహ్నం షెడ్డులో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఎత్తైన చోటునల్లా శిఖరమనుకుని, ఒక్కో శిఖరం చుట్టూ గీత గీసింది సాఫ్ట్‌వేర్. పెద్దాయన మూడో వరస మీద వేలు పెట్టాడు. "ఇక్కడ పది ఉండాల్రా అబ్బాయ్. తొమ్మిదే చూపిస్తోందేంటి?"

లేచి వెళ్లారు. కొమ్మల గొడుగు కిందికి వంగి దూరితే చీకటి, చల్లదనం. కళ్లు అలవాటుపడ్డాక కనిపించాయి: రెండు మానులు. పైన కొమ్మలు పెనవేసుకుపోయాయి. కుర్రాడు టేపు తీశాడు. మొదలు చుట్టుకొలత ఆకాశం నుంచి కనబడదు. గొడుగు వెడల్పును బట్టి అంచనా కట్టాలన్నా ముందు కొన్ని చెట్లను ఇలా కింద కొలవాల్సిందే. అటవీ శాఖ వాళ్లు 1.37 మీటర్ల ఎత్తున కొలుస్తారు. మామిడి మాను ఆ లోపే చీలిపోతే ఎక్కడ చుట్టాలి? కుర్రాడు చీలిక కిందే చుట్టి, ఆ సంగతి రాసుకున్నాడు.

"ఇది బంగినపల్లి, అది చిన్నరసం" అన్నాడు పెద్దాయన, రెండు మానులనూ తట్టి.

కుర్రాడు తెర మీది గీత చెరిపి, రెండు గీశాడు.