కళాశాలల ఫుట్‌బాల్ సీజను: ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల జట్లు విద్యాసంవత్సరమున ఆడు ఫుట్‌బాల్ పోటీల క్రమమునకు ఈ పేరు. 1967లో గుంటూరున వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రము ప్రాతిపదికగా 1976లో ఏర్పడిన ఈ విద్యాపీఠము పెదకాకాని మండలమున నంబూరు చెంత నున్నది.

క్రమము: మొదట అంతర కళాశాలల పోటీలు జరుగును, అందు రాణించిన క్రీడాకారులనుండి ఎన్నికైన విశ్వవిద్యాలయ జట్టు, శిక్షణానంతరము, 1925లో స్థాపితమైన భారత విశ్వవిద్యాలయముల సంఘము ఆధ్వర్యవమున సాగు దక్షిణ మండల పోటీలకు తరలును. అచ్చట అగ్రస్థానములు పొందిన జట్లకే అఖిలభారత పోటీలలో ప్రవేశము.

క్రీడాక్షేత్రము: పత్తికిని మిరపకును పెట్టినది పేరైన ఈ సీమలోని నల్లరేగడి ఆటగానికి సులభముగ లొంగదు. వాన కురిసిన నాడు జిగురుమన్ను బూట్ల అడుగున గడ్డకట్టి పరుగును మందగింపజేయును; ఎండలు ముదిరినంతనే నేల నెఱ్ఱెలు విచ్చి, నేలబారుగా తన్నిన బంతిని దారి తప్పించును.

పూర్వరంగము: తెలుగునాట విద్యాలయములనుండి ఎదిగిన ఫుట్‌బాల్ ప్రముఖులలో అగ్రగణ్యుడు ఉస్మానియా విద్యార్థియైన సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచినది.