పరిహారమా, దయా? : కార్మిక పరిహార చట్టం – అభిప్రాయ సేకరణ చరిత్ర

పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని చెల్లించే సొమ్ము దయాదానం కాదని, చట్టబద్ధమైన బాధ్యత అని భారతదేశంలో మొదట స్పష్టం చేసినది 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. ఈ చట్ట నిర్మాణంలోనూ సవరణలోనూ ప్రభుత్వం పలువురి అభిప్రాయాలను సేకరించింది. ఆ సేకరణలో ఎవరి గొంతు చట్టమైంది, ఎవరిది కాలేదు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

అంతకుముందు 1855 నాటి చట్టం ప్రకారం మృతుడి కుటుంబం దావా వేయవచ్చు. అయితే యజమాని తప్పిదాన్ని రుజువు చేయవలసిన భారం ఆ కుటుంబానిదే. 1921లో భారత ప్రభుత్వం కొత్త చట్టంపై రాష్ట్ర ప్రభుత్వాల అభిప్రాయాలు కోరింది. మరుసటి ఏడాది ఒక సంఘం ఆ ప్రతిపాదనలను పరిశీలించింది. 1924 జూలై 1న అమలులోకి వచ్చిన చట్టం తప్పిద నిరూపణ భారాన్ని తొలగించింది. కాని దాని పరిధి ఇరుకైనది. వయోజన కార్మికుడు మరణిస్తే 30 నెలల వేతనం లేదా 2,500 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అదే పరిహారం. గాయపడినవాడు పది రోజులకు మించి పనికి దూరమైతేనే పరిహారానికి అర్హుడు. వ్యవసాయ కూలీలు ఈ చట్టం పరిధిలోకి రాలేదు. బ్రిటిష్ ఇండియాకే వర్తించినందున నిజాం రాజ్యంలోని సింగరేణి బొగ్గుగని కార్మికులు కూడా దీని వెలుపలే ఉండిపోయారు.

1929లో విట్లీ అధ్యక్షతన నియమితమైన రాయల్ కమిషన్ దేశమంతటా వాంగ్మూలాలు సేకరించింది. ఇందులో పాల్గొనాలా వద్దా అన్న అంశంపై అదే ఏడాది నాగపూర్ మహాసభలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చీలిపోయింది. బహిష్కరణకు మొగ్గిన వర్గం కమిషన్‌ను వలస ప్రభుత్వ సాధనంగా చూసింది. ఎన్.ఎం. జోషి స్వయంగా కమిషన్ సభ్యుడు. ఆయన వర్గంతో బయటికి వచ్చినవారిలో రైల్వే కార్మిక నాయకుడు వి.వి. గిరి ఒకరు. ఇరువురి వాదనలోనూ సత్యముంది. విచారణ జరిపేది పాలకులే అయినా, 1931 నివేదిక తరువాత వచ్చిన 1933 సవరణ పది రోజుల నిరీక్షణను ఏడుకు తగ్గించింది. 1959లో అది మూడు రోజులైంది. గాయపడిన దినకూలీ ఇంటికి ఆ కొద్ది రోజుల తేడా పొయ్యి వెలగడానికీ వెలగకపోవడానికీ మధ్య తేడా.

అయితే చట్టంలో పేరు చేరినంత మాత్రాన రక్షణ చేరదు. చట్టం రెండవ షెడ్యూలులో తాళజాతి చెట్ల గీతపని ఉంది. కాని తెలుగునాట గీతకార్మికుడు తరచుగా సహకార సంఘ సభ్యుడిగానో, సొంత లైసెన్సుపైనో చెట్టెక్కుతాడు. మోకు జారి పడినప్పుడు చట్టానికి అవసరమైన ‘యజమాని’ అక్కడ కనబడడు. అందువల్ల ఆ కుటుంబానికి దక్కేది పరిహారం కాదు, ‘ఎక్స్‌గ్రేషియా’. మన పత్రికలు నిత్యం వాడే ఈ లాటిన్ మాటకు ‘దయతో’ అని అర్థం. 1923లో చట్టం దాటిన గీతకు ఇవతలే ఈ కార్మికుడు నేటికీ నిలబడి ఉన్నాడు.

2009 సవరణ చట్టం పేరులోని ‘వర్క్‌మన్’ను ‘ఎంప్లాయీ’గా మార్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఇంటికీ పనిచోటుకూ మధ్య ప్రయాణంలో జరిగే ప్రమాదాన్ని కూడా షరతులతో పరిహార పరిధిలోకి తెచ్చింది. ఆ ఏడాది ముసాయిదా నియమాలపై అభ్యంతరాలు తెలపడానికి ఇచ్చిన గడువు 45 రోజులు. కేంద్ర రాజపత్రం భాషలు హిందీ, ఆంగ్లం. 1921లో అభిప్రాయం అడిగింది ప్రభుత్వాలను, 1929లో సంస్థలను, నేడు ప్రజలందరినీ. పిలుపు విస్తరించింది గాని, అది గీతకార్మికుడి భాషలో అతనిదాకా చేరడం లేదు. ముసాయిదా తెలుగులో అందినప్పుడే ‘యజమాని లేనివాడి గాయానికి బాధ్యులెవరు?’ అన్న ప్రశ్నను అతడు స్వయంగా అడగగలుగుతాడు. ఆ ప్రశ్న నమోదు కానంతకాలం అభిప్రాయ సేకరణ చరిత్ర అసంపూర్ణమే.